సమాన పోటీ పేరుతో ఎగ్గొట్టిన కూలి

2012లో నేను అమెరికా దక్షిణాదిన ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతూ, క్యాంపస్ డైనింగ్ హాల్లో పనిచేసేవాణ్ణి. మనవాళ్లు చాలామంది చేసే పనే. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. శాండ్‌విచ్ కౌంటర్ నాది. ఒకరోజు మాంసం కోసే మెషీన్ దగ్గర వేలు తెగింది. సూపర్‌వైజర్ పరుగున వచ్చి గుడ్డ చుట్టింది, క్లినిక్‌కు పంపింది, తిరిగొచ్చాక ఒక ఫారం నింపించింది. పనిలో దెబ్బ తగిలితే ఖర్చు పని ఇచ్చినవాడిదేనని నాకు తెలిసింది ఆ రోజే.

అదే కౌంటర్‌కు రాత్రి మూసే వేళప్పుడు ఫుట్‌బాల్ టీమ్ కుర్రాడొకడు వచ్చేవాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనమనుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఒకరినొకరు ఢీకొంటూ ఆడే అమెరికన్ ఆట. ఆరడుగుల పైన మనిషి, మోకాలికి ఐసు కట్టు. మీల్ ప్లాన్‌లో ఆ వారం భోజనాలు అయిపోయాయి, ఏమైనా మిగిలిందా అని మొహమాటంగా అడిగేవాడు. శనివారం అతని ఆట చూడటానికి ఊరు ఊరంతా స్టేడియంలో ఉండేది. నాకు రెండు వారాలకోసారి పే స్లిప్ వచ్చేది. అతనికి రాదు. ఇచ్చినా, తీసుకున్నా తప్పు.

ఆ రోజుల్లో కాలేజీ క్రీడల్ని ఏలే ఎన్‌సీఏఏ నిబంధనలు ఎంత లోతుకు వెళ్లేవంటే, ఆటగాళ్లకు చిరుతిండిగా బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇవ్వొచ్చు, దాని మీద క్రీమ్ చీజ్ రాసి ఇస్తే మాత్రం ఉల్లంఘన. 2014 ఏప్రిల్‌లో కనెక్టికట్ బాస్కెట్‌బాల్ ఆటగాడు షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు ఆకలితో పడుకున్నానని చెప్పాకే భోజనాల మీద పరిమితి ఎత్తేసే నిర్ణయం వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గత ఐదేళ్లలో కాలేజీ ఫుట్‌బాల్ తలకిందులైంది. ఆటగాళ్లకు డబ్బు వస్తోంది, దాంతో పాటు ఒక గగ్గోలూ వస్తోంది. డబ్బు వచ్చింది కాబట్టి సమాన పోటీ పోయిందని, డబ్బున్న కాలేజీలే అన్నీ గెలుస్తాయని, ఆట చచ్చిపోయిందని. ఈ వాదనను నేను ఒప్పుకోను. ఆ సమాన పోటీ ఎప్పుడూ లేదు. దాని పేరు చెప్పి కుర్రాళ్ల కూలి ఎగ్గొట్టారు, అంతే.

స్టూడెంట్-అథ్లెట్ అనే మాట ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పని చేస్తూ పోయిన మనిషి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని అతని భార్య అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు, కాబట్టి అతను ఉద్యోగి కాదని కొలరాడో సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. ఇలాంటి దావాల భయంతోనే, అప్పటి ఎన్‌సీఏఏ పెద్ద వాల్టర్ బయర్స్ మనుషులు స్టూడెంట్-అథ్లెట్ అన్న పదబంధాన్ని తయారుచేసి నిబంధనల్లో ఎక్కించారు. ఆ సంగతి తర్వాత బయర్సే ఒప్పుకున్నాడు. నా వేలు తెగితే నింపించిన ఫారం, ఆ ఇల్లాలికి దొరకని ఫారం ఒకటే.

అప్పుడు వ్యాపారం కాదన్నారు. మరి ఇప్పుడు? మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. సీజన్ చివర దేశ విజేతను తేల్చే కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ప్రసార హక్కులకు ఈఎస్‌పీఎన్ ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లు ఇస్తోంది. 2023 నవంబర్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు, ఇక కోచింగ్ చేయకుండా ఉన్నందుకు ఆయనకు కట్టాల్సిన మొత్తం 7 కోట్ల 50 లక్షల డాలర్ల పైమాటే. 2010లో జార్జియా ఆటగాడు ఎ.జె. గ్రీన్ తను వేసుకున్న జెర్సీని 1,000 డాలర్లకు అమ్ముకున్నందుకు నాలుగు మ్యాచ్‌లు బయట కూర్చోబెట్టారు. అతని నంబర్ 8 జెర్సీలు మాత్రం యూనివర్సిటీ దుకాణంలో అమ్ముడవుతూనే ఉన్నాయి.

డబ్బు ఇవ్వకపోవడానికి ఎన్‌సీఏఏ కోర్టుల్లో చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఈ సమాన పోటీయే. అందరికీ ఒకే స్కాలర్‌షిప్ ఇస్తే మంచి ఆటగాళ్లు అన్ని కాలేజీలకూ సర్దుకుంటారని. 2014లో మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఓబానన్ వేసిన కేసులో జడ్జి క్లాడియా విల్కెన్ ఈ వాదనను కొట్టేశారు. ఆటగాళ్లకు ఇవ్వని డబ్బు కోచ్‌ల జీతాల్లోకి, తళతళలాడే జిమ్‌లలోకి, లాకర్ రూమ్‌లలోకి పోయింది. ఏ కాలేజీకి ఆడాలో ఎంచుకోవడానికి వచ్చిన పదిహేడేళ్ల కుర్రాణ్ణి ఆకర్షించేది అదే. డబ్బున్న కాలేజీ ఎటూ గెలుస్తోంది, ఆటగాడి చేతికి మాత్రం రూపాయి రాలేదు.

లెక్కలు చూడండి. నాలుగు టీమ్‌ల ప్లేఆఫ్ 2014 సీజన్ నుంచి 2023 వరకు పదేళ్లు నడిచింది. మొత్తం 40 స్థానాలు. వాటిలో అలబామా 8, క్లెమ్సన్ 6, ఒహాయో స్టేట్ 5. దేశంలో నూట ముప్పై దాకా టీమ్‌లు ఈ స్థాయిలో ఆడుతుంటే, సగానికి ఒక్కటి తక్కువగా స్థానాలు మూడింటి చేతిలోనే. ఆ పదేళ్లలో చివరి మూడు తప్ప మిగతావన్నీ డబ్బు ముట్టుకోకూడని రోజులే.

2021 జూన్ 21న, ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. జస్టిస్ కావనా విడిగా రాసిన అభిప్రాయంలో, పనివాళ్లకు న్యాయమైన జీతం ఇవ్వకపోవడమే మా సరుకు ప్రత్యేకత అని ఏ ఇతర పరిశ్రమా తప్పించుకోలేదని తేల్చారు. పది రోజులకే, జులై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చని గేట్లు తెరిచారు. దీన్నే ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్) అంటున్నారు. అదే ఏడాది, కాలేజీ మారితే ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన కూడా సడలింది.

ఈ రెండో మార్పు గురించి తక్కువ మాట్లాడుకుంటారు గానీ, పోటీని మార్చింది నా ఉద్దేశంలో ఇదే. పాత రోజుల్లో అలబామా లాంటి చోట మూడో వరస క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) అంటే, ఇంకో కాలేజీలో మొదటి రోజే ఆడగలిగినవాడు. మారితే ఏడాది పోతుంది కాబట్టి బెంచీ మీదే ఉండిపోయేవాడు. పెద్ద టీమ్‌లు ఆటగాళ్లను గోదాంలో సరుకులా నిల్వ చేసుకునేవి. ఇప్పుడు అతను సీజన్ అయ్యాక, కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెడతాడు, ఆడే చోటికి, ఇచ్చే చోటికి పోతాడు.

2026 జనవరి 19న మయామీ గార్డెన్స్‌లో ఏం జరిగిందో చూడండి. ప్లేఆఫ్ ఫైనల్లో ఒకవైపు సొంత ఊరి మైదానంలో ఆడుతున్న మయామీ. ఇంకోవైపు ఇండియానా. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఓటములు లెక్కపెడితే ఏళ్ల తరబడి అట్టడుగున కనిపించిన పేరు, 2023లో 3 గెలిచి 9 ఓడిన టీమ్. కోచ్ కర్ట్ సిగ్నెట్టి 2024 సీజన్‌కు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి వస్తూ పది మందికి పైగా ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి మారి వచ్చినవాడు. నాలుగో క్వార్టర్‌లో నాలుగో డౌన్, అంటే పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, ఇంకా నాలుగు గజాలు కావాలి. బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని, ఫీల్డ్ గోల్‌తో మూడు పాయింట్లు తీసుకుని ఊరుకోవచ్చు. సిగ్నెట్టి ఊరుకోలేదు. మెండోజా బంతి పట్టుకుని తనే దూసుకెళ్లాడు. మీద పడుతున్నవాళ్లను తట్టుకుంటూ, చివర గాల్లోకి ఎగిరి, 12 గజాలు పరుగెత్తి గీత దాటాడు. చివరికి ఇండియానా 27-21తో గెలిచింది. సీజన్ మొత్తం 16 మ్యాచ్‌లు, ఒక్క ఓటమి లేదు. డబ్బు రాని కాలంలో ఇండియానాకు ఇలాంటి రోజు ఒక్కటీ రాలేదు.

ఇండియానాకూ డబ్బు ఉంది, నిజమే. మార్క్ క్యూబన్ లాంటి కోటీశ్వరులు అక్కడ చదువుకున్నవాళ్లే. అదే సీజన్‌లో చమురు వ్యాపారి కోడీ క్యాంప్‌బెల్ అండతో టెక్సస్ టెక్ ఆటగాళ్లను తెచ్చుకుని బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) గెలిచింది, ప్లేఆఫ్‌లో ఒరెగాన్ చేతిలో ఒక్క పాయింట్ కూడా చేయలేక ఓడింది. బాగా ఖర్చు పెట్టే పెన్ స్టేట్, ఎల్‌ఎస్‌యూ సీజన్ మధ్యలోనే కోచ్‌లను సాగనంపాయి. ఒక్క సీజన్ చూసి సూత్రం కట్టలేం. ఆటగాళ్లకు డబ్బిస్తే చిన్నవాళ్లు ఇక గెలవలేరన్న మాట మాత్రం నిలవదు.

నిజంగా పోటీని చంపింది ఎవరు? 2023 వేసవిలో పాక్-12ను చూడండి. వందేళ్ల పైబడిన కాన్ఫరెన్స్. టీవీ డబ్బు కోసం యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ ముందే బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కు మాటిచ్చాయి. ఆగస్టులో ఒరెగాన్, వాషింగ్టన్ అదే దారి పట్టాయి. మిగతావి ఎటు వీలైతే అటు పోయాయి. చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. ఆ రెండు ఊళ్ల కుర్రాళ్లు ఏ తప్పూ చేయలేదు. ఈ నిర్ణయాల్లో ఏ ఆటగాడి సంతకమూ లేదు. కోచ్‌ల సంగతీ అంతే. 2025 నవంబర్ చివర్లో కోచ్ లేన్ కిఫిన్ 11-1తో ప్లేఆఫ్ ముంగిట ఉన్న ఓల్ మిస్‌ను (మిసిసిపీ యూనివర్సిటీ టీమ్) వదిలి ఎల్‌ఎస్‌యూకు వెళ్లిపోయాడు. వదిలేసిన కుర్రాళ్లు జార్జియాను ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జీతం దగ్గర పేచీ వచ్చి క్వార్టర్‌బ్యాక్ నికో ఇయామలియావా టెనెసీని వదిలితే మాత్రం దురాశ అన్నారు, విశ్వాసం లేదన్నారు. యాభై దాటిన మనిషికి ఉన్న స్వేచ్ఛ ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

ఇక కొత్త ఏర్పాటు. 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి అదే జడ్జి విల్కెన్ ఆమోదం తెలిపారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్లు, ఇప్పటి ఆటగాళ్లకు ప్రతి కాలేజీ నేరుగా డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది 2025-26లో పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. చాలా చోట్ల అందులో నాలుగింట మూడు వంతులు ఫుట్‌బాల్‌కే పోతోంది. మహిళా క్రీడాకారిణుల వాటా మీద అప్పీళ్లు పడ్డాయి, పడటం న్యాయమే. బయటి ప్రకటనల ఒప్పందం 600 డాలర్లు దాటితే అది నిజమైనదేనా అని జల్లెడ పట్టే యంత్రాంగం కూడా పెట్టారు.

నా అభ్యంతరం పరిమితి మీద కాదు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ జీతాల పరిమితి ఉంది. అక్కడ ఆటగాళ్ల యూనియన్ ఎదురుగా కూర్చుని బేరమాడి, ఆదాయంలో వాటా, గాయాలకు చికిత్స, పింఛను రాబట్టుకుని, బదులుగా ఆ పరిమితికి ఒప్పుకుంది. ఇక్కడ ఆటగాళ్లకు యూనియన్ లేదు. లాయర్లు రాజీ కుదిర్చారు. వచ్చే ఏడాది చేరబోయే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఎవరూ అడగలేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు యూనియన్ కట్టబోతే, కార్మిక బోర్డు ప్రాంతీయ అధికారి వాళ్లు సీజన్‌లో వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే పెడుతున్నారని, ఉద్యోగులేనని తేల్చాడు. ఎన్‌సీఏఏ కాగితం మీద పరిమితి 20 గంటలు, సరిగ్గా నా వీసా పరిమితి అంత. మరుసటి ఏడాది జాతీయ బోర్డు ఈ కేసులో తాము జోక్యం చేసుకోబోమని పక్కన పెట్టేసింది.

ఇంకో దిగులు నాకుంది, ఇది మన పిల్లలకూ తగిలేది. ఈ కొత్త ఖర్చు ఎవరి మీద వేస్తారు? టెనెసీ ఫుట్‌బాల్ టికెట్ల మీద 10 శాతం ట్యాలెంట్ ఫీ అని వేసింది. చూసేవాడి ఇష్టం, అది వేరు. కానీ టీవీ డబ్బు పెద్దగా రాని మధ్యతరగతి యూనివర్సిటీల్లో అథ్లెటిక్ ఫీ అని ట్యూషన్ బిల్లులోనే ఒక లైన్ ఉంటుంది. జేమ్స్ మాడిసన్‌లో క్రీడల బడ్జెట్‌లో సింహభాగం అలా వచ్చేదే. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్‌తో వచ్చి, ఒక్క మ్యాచ్ కూడా చూడని పిల్లలు కూడా ఇలాంటి ఫీజు కడతారు. నేనూ కట్టాను. ఆటగాడికి న్యాయం చేయడానికి ఆ లైన్‌లో అంకె పెంచడం నాకు సమ్మతం కాదు. కోచ్‌ను తీసేసి కోట్లు కట్టగలిగినవాళ్లు ముందు అక్కడ కోత పెట్టుకోవాలి.

2025లో అమెరికన్ కాంగ్రెస్‌లో స్కోర్ యాక్ట్ అనే బిల్లు పెట్టారు. ఎన్‌సీఏఏకు యాంటీట్రస్ట్ (గుత్తాధిపత్య నిరోధక) దావాల నుంచి రక్షణ ఇచ్చి, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించే దారి మూసేస్తుంది. మరోవైపు విల్లనోవా మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ట్రే జాన్సన్ తదితరుల కేసులో, కాలేజీ ఆటగాళ్లు కొన్ని పరిస్థితుల్లో ఉద్యోగులు కావచ్చని ఫిలడెల్ఫియాలోని అప్పీల్స్ కోర్టు 2024 జులైలో చెప్పి, తేల్చమని కింది కోర్టుకు పంపింది. వాళ్ల వాదన చదువుతుంటే నాకు శాండ్‌విచ్ కౌంటర్ గుర్తొచ్చింది. మ్యాచ్ రోజున గేటు దగ్గర టికెట్లు చించే విద్యార్థికి, సీట్లు చూపించే విద్యార్థికి, తినుబండారాలు అమ్మే విద్యార్థికి గంటల లెక్కన జీతం ఇస్తున్నారు కదా, లోపల ఆడే విద్యార్థికి ఎందుకివ్వరు అన్నది వాళ్ల ప్రశ్న. స్కోర్ యాక్ట్ చట్టమైతే ఆ ప్రశ్నను ఏ కోర్టులోనూ అడగడానికి వీలుండదు.