కుక్క వేరు, పిల్లి వేరు: మనం తినేదే వాటికీ పెట్టొచ్చా?

"మా తాతగారింట్లో కుక్క మాంసం ముట్టనే లేదండీ. పెరుగన్నం తినే పద్నాలుగేళ్లు బతికింది." పెంపుడు జంతువులకు శాకాహారం పెట్టొచ్చా అన్న చర్చ ఎక్కడ వచ్చినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వాళ్లేమీ అబద్ధం చెప్పడం లేదు, చూసింది చూసినట్టే చెప్తున్నారు. కాకపోతే ఆ కుక్క వాళ్ల కళ్లముందు తిన్నది రోజుకి రెండు పూటలా ఓ పావుగంట. మిగతా పొద్దంతా ఊరి మీదే ఉండేది. పెంటకుప్పలు, కోళ్లు కోసే చోట్లు, పొలం గట్ల మీది ఎలుక బొరియలు, ఊరి బయట పారేసిన గొడ్డు కళేబరాలు, ఇవన్నీ దాని తిండిలో భాగమే. పెరటి గుమ్మంలో పెట్టిన పెరుగన్నం ఒక్కటే మనకి గుర్తుండిపోయింది.

పిల్లి విషయంలో ఈ మరుపు ఇంకా ఎక్కువ. పాలు చూసి పారిపోయిన తెనాలి రామలింగడి పిల్లి కథ మనందరికీ తెలుసు. ఆ కథలో రాయలవారు ఇంటింటికీ పిల్లిని పంచింది ఎందుకు? ఎలుకల బెడద తీరడానికి. ఆవుని ఇచ్చింది పిల్లికి పాలు పోయడానికి. పాలు ఇంటివాళ్లవి, ఎలుకలు పిల్లి పట్టుకునేవి. కథ చెప్పుకునేటప్పుడు పాలు మిగిలాయి, ఎలుకలు జారిపోయాయి.

ఇప్పుడు కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉన్న పిల్లికి ఎలుక లేదు, బల్లి దొరికితే అదే గొప్ప. బాల్కనీకి నెట్ కట్టి లోపలే ఉంచుతున్నారు. అది మంచిదే, రోడ్డు మీద పడి చావకుండా ఉంటుంది. కానీ అలా ఉంచిన రోజు నుంచీ దాని ఒంట్లోకి వెళ్లే ప్రతి మెతుకుకీ పూచీ మనదే. పూర్వం మనం సరిగ్గా పెట్టకపోయినా అది బయట వెతుక్కునేది. ఇవాళ మనం పెట్టకపోతే దానికి ఇంకో దారి లేదు.

మాది మాంసం వండని ఇల్లు. అహింసను పట్టింపుగా తీసుకునేవాళ్లని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయినా నా అభిప్రాయం గట్టిదే. పిల్లికి శాకాహారం పెట్టకూడదు. కుక్కకు పెట్టొచ్చు, కానీ మన ఇళ్లలో ఇప్పుడు పెడుతున్న తీరులో కాదు.

ముందు పిల్లి సంగతి. దాని శరీరం మాంసం మీదే నడిచేలా తయారైంది. మిగతా జంతువులు లోపల తయారుచేసుకునే కొన్ని పదార్థాలను పిల్లి తయారుచేసుకోలేదు, లేదా చాలినంత చేసుకోలేదు. ఎందుకంటే దాని వేటలో అవి ఎప్పుడూ సిద్ధంగా దొరికేవి. వాటిలో ముఖ్యమైనది టారిన్ అనే పోషకం. గుండె కండరానికి, కంటి వెనకున్న రెటీనాకి ఇది లేకపోతే కుదరదు. కుక్క దీన్ని ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల నుంచి తయారుచేసుకోగలదు, పిల్లికి ఆ శక్తి చాలదు. బియ్యంలో, పప్పులో, కూరగాయల్లో టారిన్ దాదాపు ఉండదు. పాలల్లో, గుడ్డులో ఉన్నది పిల్లి అవసరానికి ఏ మూలకీ సరిపోదు. క్యారెట్ తింటే అందులోని బీటా కెరోటిన్‌ని మన శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, కుక్కా మార్చుకుంటుంది. పిల్లి మార్చుకోలేదు, దానికి సిద్ధంగా ఉన్న విటమిన్ ఎ కావాలి. అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం, నియాసిన్ అనే బి విటమిన్, వీటి కథా ఇంతే. పిల్లికి తీపి కూడా తెలీదు. తీపిని పట్టే జన్యువు దానిలో పనిచేయడం లేదని 2005లోనే తేల్చారు. ఐస్‌క్రీమ్ కోసం వెంటపడే పిల్లికి కావలసింది అందులోని కొవ్వు, చక్కెర కాదు.

టారిన్ లోపం రాత్రికి రాత్రి కనిపించదు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోగా పిల్లి బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఆడుతుంది, ఒళ్లో పడుకుంటుంది. ఒకరోజు దూకాల్సిన చోటు అంచనా తప్పుతుంది. వెలుతురులో కూడా కంటిపాపలు విప్పారే ఉంటాయి. లేదంటే నాలుగు అడుగులకే కూలబడి నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. రెటీనా దెబ్బతింటే ఆ చూపు తిరిగి రాదు. గుండెను మాత్రం త్వరగా కనిపెడితే కాపాడుకోవచ్చు. ఈ గుండె సంగతి లోకానికి తెలిసింది 1987లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పాల్ పియాన్ బృందం, గుండె ఉబ్బి చనిపోతున్న పిల్లుల్లో టారిన్ లోపాన్ని గుర్తించింది. టారిన్ ఇస్తే చాలా పిల్లులు కోలుకున్నాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఆ పిల్లులు తిన్నది కంపెనీలు మాంసంతో తయారుచేసి అమ్మిన తిండే. అప్పటి ప్రమాణాల ప్రకారం టారిన్ సరిపడా ఉందనుకున్న తిండి. అయినా సరిపోలేదు. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి.

ఇక్కడ వీగన్ వాదం, అంటే పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ వద్దనే వాదం చేసేవాళ్లు ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. పిల్లికి కావలసింది మాంసమా, అందులోని పోషకాలా? ఇవాళ క్యాట్ ఫుడ్‌లో కలిపే టారిన్ ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైనదే, అది జంతువు నుంచి రాదు. మరి అన్ని పోషకాలూ అలా కలిపేస్తే సరిపోదా? సూత్రప్రాయంగా ఈ మాటను కొట్టిపారేయలేం. కానీ కాగితం మీద కుదిరింది డబ్బాలోకి వచ్చేసరికి నిలబడిందా అన్నది చూడాలి. 2004లో అమెరికాలో పిల్లుల కోసం అమ్ముతున్న రెండు వీగన్ ఆహారాలను పరీక్షిస్తే రెండింటిలోనూ పలు పోషకాలు తక్కువగా తేలాయి. 2015లో కుక్కలు, పిల్లుల కోసం అమ్ముతున్న 24 శాకాహార ఉత్పత్తులను చూసినప్పుడు కూడా అమైనో ఆమ్లాలపై అనుమానాలు మిగిలాయి, లేబుళ్లలో ఎక్కువ భాగం నిబంధనలకు తగ్గట్టు లేవు. దీనికితోడు మొక్కల ఆహారంతో పిల్లి మూత్రంలో ఆమ్లగుణం తగ్గుతుంది. అలాంటి మూత్రంలో స్ట్రూవైట్ అనే ఖనిజ స్ఫటికాలు సులువుగా కడతాయి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంత సన్నని తీగ మీద నడిచే ప్రయోగాన్ని, ఒప్పుకునే వీలూ కాదనే వీలూ లేని ప్రాణి మీద చేసే హక్కు మనకి ఉందని నేను అనుకోను.

ఇంకొక్క మాట. "ఆకలేస్తే అదే తింటుందిలే" అనడం మనకి అలవాటు. పిల్లి దగ్గర ఈ పట్టుదల పనికిరాదు. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి, కొద్దిరోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి కాలేయం దెబ్బతింటుంది. పెరుగన్నం పెట్టి మూడు రోజులు చూద్దాం అనుకునే ఇంట్లో పిల్లి నాలుగో రోజు ఆస్పత్రిలో ఉండొచ్చు.

కుక్క కథ వేరు. మనిషితో వేల ఏళ్లు కలిసి తిరిగిన కుక్క, మనిషి తిండికి ఒంట్లోపల కూడా అలవాటు పడింది. 2013లో స్వీడన్ పరిశోధకులు తోడేలు, కుక్క జన్యువులను పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. అన్నం, రొట్టె కుక్కకి నిజంగానే అరుగుతాయి. బ్రిటిష్ వెటర్నరీ అసోసియేషన్ చాలాకాలం కుక్కలకు వీగన్ తిండి వద్దనే చెప్పింది. 2024లో ఆ వ్యతిరేకత వదులుకుంది, పోషకాలు పూర్తిగా అమరితే కుక్కకు అది సాధ్యమేనని ఒప్పుకుంది. పిల్లుల విషయంలో మాత్రం ఆ మాట అనలేదు. 2022లో 2,500కు పైగా కుక్కల యజమానులను అడిగి చేసిన ఒక అధ్యయనంలో వీగన్ తిండి తినే కుక్కలు ఆరోగ్యంగానే ఉన్నట్టు వచ్చింది. కానీ అది యజమానులు చెప్పిన సమాధానాలతో చేసింది, రక్తపరీక్షలతో కాదు. దాన్ని ఆ మేరకే తీసుకోవాలి.

కాబట్టి కుక్కకి శాకాహారం కుదురుతుంది. పెరుగన్నం మాత్రం ఆ శాకాహారం కాదు. చిన్న లెక్క వేద్దాం. 200 గ్రాముల అన్నంలో 100 గ్రాముల పెరుగు కలిపామనుకోండి. అన్నంలో ప్రోటీన్ సుమారు 5 గ్రాములు, పెరుగులో 3 గ్రాములకు కాస్త పైన. నీరు తీసేసి చూస్తే మిగిలే పదార్థం 75 గ్రాముల లోపే. అంటే ప్రోటీన్ దాదాపు 12 శాతం. అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్‌కో సంస్థ పెద్ద కుక్కకి కనీసం 18 శాతం, ఎదిగే పిల్లకి 22.5 శాతం ఉండాలంటుంది. ఇది ఒక్క ప్రోటీన్ లెక్కే. ఇనుము, జింకు, రాగి, విటమిన్ డి, అవసరమైన కొవ్వు ఆమ్లాలు కూడా అందులో చాలవు. బొచ్చు రాలిపోతోందని, చర్మం పొలుసులు లేస్తోందని షాంపూలు మార్చేవాళ్లు ముందు గిన్నెలో ఏముందో చూసుకోవాలి.

ఇది శాకాహారుల ఇళ్ల సంగతి మాత్రమే అనుకోవద్దు. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 98 శాతానికి పైగా మాంసాహారులే. అయినా ఎన్నో ఇళ్లలో కుక్కకి వారమంతా పెరుగన్నం, ఆదివారం మాత్రం చికెన్ బొక్కలు. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఆదివారం పెట్టే ఆ ప్రేమ కూడా ప్రమాదమే. దాని బదులు ఉప్పూకారం లేకుండా ఉడికించిన కార్జం, కందనకాయ, లెగ్ పీస్ కండ కొంచెం కొంచెం పెట్టినా మేలు. ఉడికించిన నీళ్లు పారబోయకూడదు, టారిన్ అందులోకే దిగుతుంది.

మిగిలిన పులుసు, చారు కలిపి పెట్టే అలవాటు గురించి కూడా చెప్పాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క కిడ్నీలను పాడుచేస్తాయని వెటర్నరీ డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని ఈమధ్య గుర్తించారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 2022లో వైద్య పత్రికలోకి ఎక్కాయి. చారన్నం మనకి పథ్యం కావచ్చు, కుక్కకి కాదు.

మరి మాంసం వండని ఇంట్లో కుక్కని ఎలా పెంచాలి? వంద శాతం శాకాహారం అని రాసిన డాగ్ ఫుడ్ మన మార్కెట్‌లో దొరుకుతోంది. కొనేముందు ప్యాకెట్ మీద "కంప్లీట్ అండ్ బ్యాలన్స్‌డ్" అని ఉందో లేదో, ఏ వయసు కుక్కకో చూడాలి. బిస్కెట్లు, ట్రీట్లు తిండికి బదులు కావు. ఇంట్లోనే వండాలనుకుంటే సోయా, గుడ్డు, పనీర్ లాంటివి చేర్చి, దాని మీద విటమిన్లు, ఖనిజాలు, టారిన్ ఎంత వేయాలో డాక్టర్‌తో రాయించుకోవాలి. పప్పులు ఎక్కువ వేస్తే ప్రోటీన్ సమస్య తీరిపోతుందనుకోవద్దు. బఠానీలు, పప్పుధాన్యాలు ఎక్కువగా వేసిన కొన్ని డాగ్ ఫుడ్‌లకూ కుక్కల గుండెజబ్బుకీ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. ఇదే కారణమని తేల్చి చెప్పలేదు, అనుమానమూ పూర్తిగా పోలేదు. ఎదిగే కుక్కపిల్లకీ, కడుపుతో ఉన్న కుక్కకీ ఈ ప్రయోగాలు వద్దే వద్దు.

కార్తీకమాసం వచ్చినా, ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేసుకున్నా చాలాచోట్ల జంతువుకీ నియమం మొదలవుతుంది. 41 రోజులు కుక్కకి మాంసం లేకపోతే ప్రాణం పోదు, తిండిని ఒక్కసారిగా కాకుండా వారం రోజుల్లో మెల్లగా మారిస్తే చాలు. పిల్లి ఉన్న ఇంట్లో మాత్రం దాని ప్యాకెట్ తిండి ఆపకూడదు. దీక్ష తీసుకున్నది స్వామి, పిల్లి కాదు.

ఇక అసలు ధర్మసందేహం. ఒక పిల్లి బతకడానికి ఎన్ని కోళ్లు, ఎన్ని చేపలు చావాలి? ఈ ప్రశ్న వేసేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అమెరికాలో మాంసం ఉత్పత్తి పర్యావరణం మీద వేసే భారంలో 25 నుంచి 30 శాతం కుక్కలు, పిల్లుల తిండిదేనని 2017లో గ్రెగరీ ఓకిన్ అనే శాస్త్రవేత్త అంచనా వేశారు. ప్యాకెట్ తిండిలో చాలావరకు మనుషులు తినని ఊపిరితిత్తులు, పేగులు లాంటివే వాడతారన్నది కొంత ఊరట, పూర్తి సమాధానం కాదు. కానీ ఈ హింస నచ్చనప్పుడు మనం చేయగలిగింది పిల్లిని పెంచకపోవడం. పెంచుతూ, దాని కళ్లూ గుండే పణంగా పెట్టి మన మనసుకి శాంతి కొనుక్కోవడం అహింస ఎలా అవుతుంది? జంతుహింస నివారణ చట్టం 1960లోనే, పెంచుకునే ప్రాణికి చాలినంత తిండి పెట్టకపోవడాన్ని నేరంగా చెప్పింది. కడుపు నిండా పాలన్నం పెట్టి లోలోపల ఆకలితో ఉంచడం కూడా ఆ స్ఫూర్తికి విరుద్ధమే అని నేనంటాను.

మాంసం వండని, అయినా పిల్లి మీద ప్రేమ చంపుకోలేని కుటుంబాలకి మధ్యేమార్గం ఉంది. ఇంట్లో వండక్కర్లేదు, తాకక్కర్లేదు. క్యాట్ ఫుడ్ ప్యాకెట్, దానికి వేరే గిన్నె, వేరే చెంచా, వంటింటికి దూరంగా ఒక మూల. అది కూడా వల్లకాదంటే కుందేలు ఉంది, దాని తిండి గడ్డే.

పిల్లుల్ని దత్తత ఇచ్చేవాళ్లకి నాదొక విన్నపం. బాల్కనీకి నెట్ ఉందా, ఇంటి ఓనరు ఒప్పుకున్నారా అని అడుగుతున్నారు, మంచిదే. దాంతోపాటు ఏం పెడతారో కూడా అడగండి. పాలు, పెరుగన్నం అని చెప్తే, మీకు వీలైనంత ఓపికగా వివరించండి. అప్పటికీ మారకపోతే, ఎంత మంచి మనుషులైనా సరే, ఆ ఇంటికి పిల్లిని ఇవ్వకండి.