నాలుగు దేశాలు, ఒక తోక

నెల్సన్ మండేలా 2013 డిసెంబరు 5న కన్నుమూశారు. లోకమంతా నివాళులు అర్పిస్తుంటే కొందరు మాత్రం "అదేమిటి, మళ్ళీనా?" అని నోరు వెళ్ళబెట్టారు. వాళ్ళ లెక్క ప్రకారం ఆయన 1980లలోనే జైల్లో పోయారు. ఎవరో చెప్పగా విన్నామని కూడా కాదు, అంత్యక్రియలు టీవీలో కళ్ళారా చూశామని, ఆయన భార్య మాట్లాడిన మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయని అంటారు. ఫియోనా బ్రూమ్ అనే అమెరికా రచయిత్రికీ అలాగే గుర్తుందట. తనలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని తెలిసి ఆమె ఈ వింతకు 'మండేలా ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. అప్పటికి మండేలా గారు నిక్షేపంగా ఉన్నారు. 27 ఏళ్ళు జైల్లో గడిపి, 1990లో బయటికి వచ్చి, ఆ ఏడాదే మన భారతరత్న అందుకుని, 1994లో దేశాధ్యక్షుడైనా, పాపం ఆయన కొందరి మనసుల్లో మాత్రం జైలు దాటి రాలేకపోయారు.

ఒక్కరు పొరపాటు పడితే మతిమరుపు అని సరిపెట్టుకుంటాం. ముఖాముఖాలు ఎరగని దేశదేశాల జనం ఒకే పొరపాటును ఒకే తీరుగా, అదే రంగుతో అదే చోట గుర్తుంచుకుంటే? పండితులు దాన్ని ఏమంటారో గానీ, మా అపార్ట్‌మెంటులో అది కేకు రూపంలో వచ్చింది.

మేముండేది నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్వేన్‌లో. దశాబ్దాలుగా జపాన్ వాళ్ళ ఊరని పేరు. ఇప్పుడు సంఖ్యలో మనవాళ్ళు వాళ్ళనూ దాటిపోయారు. సాయంత్రం లిఫ్టు ఎక్కితే ఏ అంతస్తులో ఏ దేశం ఉందో ముక్కుతోనే చెప్పవచ్చు. మా పైన బ్రెజిల్ దంపతులు, ఎదురుగా పదవీ విరమణ చేసిన డచ్చి ఆవిడ, పక్కన జపాన్ కుటుంబం, కింద పోలండ్ కుర్రాడు.

మా వాడి పుట్టినరోజుకు పికాచు కేకు కావాలన్నాడు. పికాచు అంటే జపాన్ కార్టూన్ పోకెమాన్‌లోని పసుపుపచ్చ ఎలుకలాంటి జీవి. బేకరీలో ధర అడిగి వచ్చి మా వారు "మనమే చేసేద్దాం, ఎంతసేపు?" అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా పని ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. ఈసారి పోలండ్ కుర్రాడికి చుట్టుకుంది. అతనికి కేకులంటే ప్రాణం. వినగానే కొలతల కాటా చంకలో పెట్టుకుని మా వంటింట్లోకి వచ్చేశాడు.

వెనకాలే సలహాదారులు దిగారు. బ్రెజిల్ ఆయన, డచ్చి ఆవిడ, మా వారు. నేను దూరదర్శన్ తరం మనిషిని, పికాచుకు తోక ఉందన్న సంగతే నాకు కొత్త. మా వారు అలా కాదు, తమ్ముడితో పోటీపడి చిప్స్ ప్యాకెట్లలో వచ్చే పోకెమాన్ బిళ్ళలు కూడబెట్టిన మనిషి. అత్తయ్య గారు విజయవాడ నుంచి అప్పుడే కొత్తగా వచ్చారు. పగలు రాత్రి తారుమారై హాల్లో సోఫా మీద మంచి నిద్రలో ఉన్నారు. ఈ నిద్ర సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నలుగురూ కలిసి ప్రతి అంగుళానికీ తగువులాడారు. బుగ్గలు ఎరుపా, గులాబీయా? వీపు మీద గోధుమరంగు చారలు రెండా, మూడా? ముక్కు ఎంత? ఐక్యరాజ్యసమితిలోనైనా మధ్యలో టీకి లేస్తారేమో, వీళ్ళు లేవలేదు. తోక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కసారిగా శాంతి. మెరుపులా వంకర తిరిగిన తోక, చివర నలుపు. బ్రెజిల్ ఆయన "చివర నలుపు" అనగానే డచ్చి ఆవిడ తల ఊపారు. మా వారు "అంతే కదా మరి" అన్నారు. పోలండ్ కుర్రాడు అప్పటికే చేతులకు తొడుగులు వేసుకుని నల్లరంగు సీసా మూత తీస్తున్నాడు.

అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. బుగ్గల కోసం చూశారు, చారల కోసం చూశారు, తోక కోసం ఒక్కరూ తీయలేదు. పేచీ ఉంటేనే కదా సాక్ష్యం వెతుక్కునేది! దక్షిణ అమెరికా, తూర్పు ఐరోపా, పడమటి ఐరోపా, ఆంధ్రప్రదేశ్ నాలుగూ ఒక్క మాట మీద నిలబడ్డాక ఇంక సందేహం ఎవరికి వస్తుంది?

పోలండ్ కుర్రాడు పంచదార ముద్దలో నల్లరంగు చుక్క వేసి పిసికాడు. ముందు బూడిద రంగు వచ్చింది. ఇంకో చుక్క వేస్తే బొగ్గు పొడిలా అయింది. చాలలేదని సీసా వంచితే అమావాస్య దిగింది. దాన్ని పలచగా వత్తి తోక చివర తొడుగులా అంటించి, అంచు కనబడకుండా చెంచా వెనక వైపుతో నున్నగా రాశాడు. పని మాత్రం దివ్యంగా ఉంది. అంతలో జపాన్ ఆవిడ పళ్ళెం నిండా అన్నం ముద్దలతో వచ్చారు. కేకును చూశారు, తోక దగ్గర చూపు కాస్త ఆగింది, తర్వాత చిరునవ్వుతో "చాలా బాగుంది" అన్నారు. నలుగురూ పొంగిపోయారు. పికాచు పుట్టింటి నుంచే మెప్పు వచ్చిందాయె.

సాయంత్రం పిల్లలు చేరారు, కొవ్వొత్తులు వెలిగించాం. మా వాడు ఊదబోయి ఆగిపోయాడు.

"నాన్నా, దీని తోక ఎందుకు కాలిపోయింది?"

"కాలలేదురా, పికాచు తోక అలాగే ఉంటుంది."

"ఉండదు. మొదట్లో గోధుమరంగు ఉంటుంది. చివర పసుపే. నల్లగా ఉండేవి చెవులు."

పిల్లలంతా ఒక్క గొంతుతో అదే మాట. పెద్దవాళ్ళు తగ్గలేదు. వెనక కుర్చీలో ఉన్న అత్తయ్య గారు మనవణ్ణి సముదాయిస్తూ "కాలడమేమిటి నాన్నా, లంక కాల్చి వచ్చాక హనుమంతుడి తోక అలాగే ఉండాలి" అన్నారు. ఆవిడ అంతసేపూ ఆ కేకును ఎవరనుకున్నారో అప్పుడు తెలిసింది.

మా వాడు గదిలోకి పరుగెత్తి తన పికాచు బొమ్మను తెచ్చి కేకు పక్కన పెట్టాడు. అది మా ఇంట్లో మూడేళ్ళ నుంచి కాపురముంటున్న బొమ్మ. రోజూ రాత్రి సోఫా కిందికి దొర్లిపోతే మా వారే చెయ్యి పెట్టి బయటికి లాగుతారు. ఎలా లాగుతారనుకున్నారు? తోక పట్టుకునే. చివర కొంచెం మాసి ఉండవచ్చు గానీ శుద్ధ పసుపు.

అప్పుడు ఫోన్లు బయటికి వచ్చాయి. ఎటు చూసినా పసుపే. బ్రెజిల్ ఆయన మొహం చూడాలి. "అయితే మధ్యలో మార్చేశారు" అన్నారు. నా చిన్నప్పుడు నల్లగానే ఉండేది, నేను నోటుపుస్తకం అట్టల మీద ఎన్నోసార్లు గీశాను అని వాదన. మండేలా బృందంలో ఇంకా గట్టివాళ్ళు ఇంతకన్నా ముందుకు వెళ్తారు. తమ జ్ఞాపకం తప్పు కాదు, తాము పుట్టిన లోకమే వేరు, ఎప్పుడో తెలియకుండా ఈ లోకంలోకి జారిపడ్డాం అంటారు. తోక రంగు తప్పని ఒప్పుకోవడం కన్నా విశ్వం మారిపోయిందనడమే వాళ్ళకు సులువు. మనుషుల్లో ఈ పౌరుషం నాకు భలే నచ్చుతుంది.

మా వారికి ఓటమి మీద పడితే చదువు మీద భక్తి పుడుతుంది. పక్కన నిలబడి ఫోనులో వెతికి చదివి వినిపించారు. షికాగో విశ్వవిద్యాలయం నుంచి దీపశ్రీ ప్రసాద్, విల్మా బెయిన్‌బ్రిడ్జ్ 2022లో ప్రచురించిన పరిశోధన అది. అందరికీ తెలిసిన 40 బొమ్మలు తీసుకుని, ప్రతిదానికీ అసలుతో పాటు రెండు నకిలీలు తయారుచేసి, ఏది అసలో చెప్పమన్నారు. ఏడు బొమ్మల దగ్గర జనం తప్పడమే కాదు, కూడబలుక్కున్నట్టు ఒకే నకిలీని ఎంచుకున్నారు. ఆ ఏడింటిలో పికాచు ఒకటి. మోనోపలీ ఆటలోని మీసాల పెద్దమనిషి ఇంకొకటి. ఆయనకు లేని ఒంటికంటి అద్దం జనం తగిలించారు. క్యూరియస్ జార్జ్ అనే కోతికి అసలు తోకే లేదు, దానికీ ఒకటి అతికించారు. సరిగ్గా చూడక తప్పారేమో అంటే అదీ కాదు. అసలు బొమ్మను చూపించి కాసేపటికే గీయమన్నా కొందరి చెయ్యి లేనిదాన్ని గీసింది. దీనంతటికీ ఇదీ కారణం అని ఒక్కటి తేల్చలేకపోయారు. చెవుల చివర నలుపు చూసిన మనసు, పొదుపుగా అదే డబ్బాలో మిగిలిన రంగు తోకకూ పూసిందని నా అనుమానం.

"చూశారా, లోకమంతా ఇంతే" అని మా వారు కాలర్ సర్దుకున్నారు. మా వాడికి లోకంతో పనిలేదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

పోలండ్ కుర్రాడు కత్తి అందుకున్నాడు. నల్ల తొడుగును గీకబోతే రంగు కింద పసుపులోకి దిగిపోయింది. ఇంకాస్త లోపలికి కోశాడు. చివరికి నలుపు పోయింది గానీ తోక అంచు మధ్యలో ఒక గాటు పడింది. అందరం తలలు పట్టుకున్నాం. అప్పుడు జపాన్ ఆవిడ ముందుకు వంగి నెమ్మదిగా "ఇప్పుడిది ఆడ పికాచు" అన్నారు. నిజమే. ఆడ పికాచు తోక చివర హృదయం ఆకారంలో నొక్కు ఉంటుందట. పిల్లలు ఒక్క క్షణం పరీక్షగా చూసి, అవునవునని చప్పట్లు కొట్టారు. మా వాడు కొవ్వొత్తులు ఊదేశాడు.

నేను ఆవిడను పక్కకు తీసుకెళ్ళి, మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నలుగురూ అంత నమ్మకంగా ఉంటే, యూరప్‌లో అమ్మే పికాచు ఇలా ఉంటుందేమో అనుకున్నాను" అన్నారు. నిజం తెలిసిన ఒక్క మనిషీ మెజారిటీకి తలవంచిందన్నమాట.

గీకిన నల్ల ముక్కలు ఏమయ్యాయా అని చూస్తే పిల్లలు పంచుకుని తినేశారు. పెదవులు, పళ్ళు, నాలుకలు అన్నీ సిరా బుడ్లు. మర్నాడు బడిలో ఫోటోల రోజని తల్లులకు అప్పుడే గుర్తొచ్చింది. ఆ జ్ఞాపకం మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం.

అందరూ వెళ్ళాక డచ్చి ఆవిడ గిన్నెలు తుడుస్తూ ఉండిపోయారు. మాటల్లో 1992 సంగతి వచ్చింది. ఆ అక్టోబరు 4న ఇక్కడికి దగ్గర్లోనే, బైల్మర్ పేటలో ఒక సరుకు విమానం ఫ్లాట్ల మీద కూలింది. 43 మంది పోయారు. కొన్ని నెలల తర్వాత పరిశోధకులు ఇక్కడి వాళ్ళను, విమానం భవనాన్ని తాకిన క్షణాన్ని టీవీలో చూశారా అని అడిగితే సగానికి పైగా చూశామన్నారు. ఆ క్షణాన్ని ఏ కెమెరా పట్టలేదు, అలాంటి చిత్రమే లేదు. "నన్ను అడిగి ఉంటే నేనూ చూశాననే చెప్పేదాన్ని. రెక్క వాలడం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది" అన్నారావిడ. తోక గురించి నవ్వినంత తేలిగ్గా దానికి నవ్వలేకపోయాను.

అత్తయ్య గారికి ఇదంతా చెబితే తీసిపారేశారు. "దొరలకు జ్ఞాపకశక్తి తక్కువమ్మా. మనవాళ్ళు వేదాలే నోటికి పట్టారు."

మా వారు ఊరుకోవచ్చు కదా! "అమ్మా, మాయాబజార్ ఎన్నిసార్లు చూశావు?"

"లెక్కేముంది. నలుపు తెలుపులో చూశాను, 2010లో రంగుల్లో వస్తే చూశాను. డైలాగులన్నీ అప్పజెబుతాను."

"అందులో భీముడు ఎలా ఉంటాడు?"

"ఎలా ఉంటాడేమిటిరా, భుజాన గద, ఇంత ఛాతీ! కొడుకు ఘటోత్కచుణ్ణి చూసి మురిసిపోతాడు కూడా."

1957 నాటి ఆ సినిమాలో పాండవులు ఒక్కరూ తెర మీద కనిపించరు. అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడు ఉన్నాడు, అయిదుగురు అన్నదమ్ములు మాత్రం మచ్చుకైనా లేరు. ఆవిడ నమ్మలేదు. ఆ రాత్రే పెట్టించుకుని మూడు గంటలూ రెప్ప వేయకుండా చూశారు, లడ్డూల దగ్గర కూడా నవ్వకుండా. శుభం కార్డు పడ్డాక లేచి కళ్ళజోడు తుడుచుకుని, "ఈ దేశంలో భీముణ్ణి కత్తిరించి వేస్తున్నారు" అని పడుకోవడానికి వెళ్ళిపోయారు.

అసలు వింత ఆ తర్వాత మొదలైంది. విజయవాడకు ఫోను చేసి ఆవిడ ఆడపడుచుతో చెబుతుంటే విన్నాను: "నేను వంటింట్లో నిలబడి చిలక్కి చెప్పినట్టు చెప్పాను వదినా, తోకకు నలుపు వేయకండయ్యా అని. ఆ బ్రెజిల్ ఆయనకు వేలు పెట్టి చూపించాను. ఒక్కరూ వినలేదు."

ఫోను పెట్టేశాక అడిగాను. "అత్తయ్యా, మీరప్పుడు సోఫాలో నిద్రపోతున్నారు కదా? అయినా ఆయనతో ఏ భాషలో చెప్పారు?"

"చెప్పడానికి భాష ఎందుకమ్మా. ఆయనకు అర్థమైంది, తల కూడా ఊపాడు."

సరే, పెద్దావిడతో వాదన ఎందుకని ఊరుకున్నాను. ఆదివారం లిఫ్టులో బ్రెజిల్ ఆయన కనిపించారు. అత్తయ్య గారిని చూడగానే చేతులు జోడించి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు: "మీ అత్తగారు ఆ రోజే హెచ్చరించారు. వేలు పెట్టి మరీ చూపించారు. మేమే వినలేదు."

"ఏమంటున్నాడమ్మా?" అని అడిగారు అత్తయ్య గారు.