ఫారం 12-డి గారికి, మంచం నంబరు 11 తరఫున

మహారాజరాజశ్రీ ఫారం 12-డి గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. పోలింగు కేంద్రానికి వెళ్లలేని ముసలివాళ్లు ఇంటి దగ్గరే ఓటు వేయడానికి పెట్టుకునే దరఖాస్తు కదా మీరు, మీరూ ఏ బీరువాలోనో, ఏ గుండుసూదికో గుచ్చుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఒక కార్యాలయం వరండాలో కూర్చుని మీ గురించే ఆలోచించాను. నేను కూర్చున్న బల్లకు మూడు కాళ్లే ఉన్నాయి. నాలుగో మూల కింద పాత ఓటరు జాబితాల కట్ట పెట్టారు. ఓటరు జాబితా ఒక ముసలివాడి బరువు మోయడం నా అరవై మూడేళ్లలో చూసింది అక్కడే.

మంచం నంబరు 11, అంటే మా అత్తయ్య, మీకు గుర్తుండే ఉంటుంది. 2023 నవంబరులో, శాసనసభ ఎన్నికలప్పుడు, మీరే కదా ఆమె ఇంటికి మనుషుల్ని పంపించారు. ఇద్దరు అధికారులు, ఒక కానిస్టేబులు, వీడియో తీసే కుర్రవాడు. వాళ్లు వస్తున్నారని అత్తయ్య పొద్దున్నే తలంటుకుని వెంకటగిరి చీర కట్టుకుంది. భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీని పక్కకు జరిపి అట్ట అడ్డు పెట్టారు. దాని వెనకాల ఆమె కలంతో గుర్తు పెట్టింది. బ్యాలెట్టు చిన్న కవరులోకి, చిన్న కవరు పెద్ద కవరులోకి వెళ్లాయి. కాఫీ ఇస్తే నిబంధనలు ఒప్పుకోవన్నారు. కానిస్టేబులు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తాగాడు. అప్పుడామెకు 82. మీకు 80 నిండితే చాలు. ఆ రోజు మీ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

2024 మార్చి 1న మీరు మనసు మార్చుకున్నారు. 80 కాదు, 85 అన్నారు. మే 13న లోక్‌సభ పోలింగు నాటికి అత్తయ్యకు 83. అంటే నవంబరులో నడవలేని వృద్ధురాలు మే నెలకల్లా ఎండలో వరుసలో నిలబడగల పడుచు అయింది. చ్యవన మహర్షికి యౌవనం తిరిగి రావడానికి అశ్వినీ దేవతలు కొలనులో ముంచాల్సి వచ్చింది. మా అత్తయ్యకు ఒక నోటిఫికేషను చాలింది.

ఆమెకు కోపం రాలేదు. తన వయసుతో ఎవరి కలమో ఆడుకోవడం ఆమెకు కొత్త కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఊరి కరణంగారు లెక్కల్లో ఒక ఏడాది ఎక్కువే రాసేశారట, అలా 1962లోనే మొదటి ఓటు వేసింది. అప్పట్లో 21 నిండాలి కదా. మైసూరులో తయారైన చెరగని సిరా మన దేశంలో సార్వత్రిక ఎన్నికలకు మొదటిసారి వాడింది కూడా 1962లోనే. ఆ సిరా, ఆ వేలు ఒకేసారి కాపురానికి వచ్చాయన్నమాట. అప్పటి నుంచి ఒక్క ఎన్నిక వదల్లేదు. మామయ్య పోయిన పదహారో రోజున కూడా వెళ్లి వేసి వచ్చింది. కనుక ఆ మే నెలలోనూ ఆటోలో వెళ్లింది. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "పడుచుదాన్ని పట్టుకుని దింపుతావేమిటిరా" అని మాత్రం అంది.

కిందటేడు స్నానాల గదిలో పడి తుంటి విరిగింది. ఔటర్ రింగు రోడ్డు అవతల ఒక వృద్ధాశ్రమంలో చేర్చాం. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ వాక్యం ఇప్పటికి చాలామందికి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

మొన్న ధనుర్మాసంలో 85 నిండాయి. ఆశ్రమంలో అందరూ కలిసి పులిహోర చేసుకున్నారు. నేను మిమ్మల్ని అచ్చువేయించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కానుకగా తీసుకెళ్లాను. ఆమె ఎంత సంతోషించిందంటే చెల్లెళ్ల కూతుళ్లు పెట్టిన చీరల మడత కూడా విప్పలేదు. పక్క మంచం మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని మిమ్మల్ని ఆసాంతం చదివి ఒకే ప్రశ్న అడిగారు: "జాబితాలో పేరుందా అమ్మా?"

ఆ మాస్టారి గురించి రెండు మాటలు చెప్పాలి. రిటైరైన ప్రధానోపాధ్యాయుడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నికల విధుల్లో ప్రిసైడింగ్ అధికారి. బ్యాలెట్ పెట్టెలు ఎడ్లబండి మీద పెట్టుకుని వాగు దాటించిన మనిషి. ఆయనకు ఇప్పుడు ఓటు లేదు.

ఫోనులో వెతికాం. అత్తయ్య పేరు లేదు. కారణం, "నివాసం మారారు". తొలగించే ముందు నోటీసు ఇచ్చారా అంటే ఇచ్చారు. తాళం వేసి ఉన్న ఇంటి తలుపుకు అంటించారు. తాళం అభ్యంతరం చెప్పలేదు కాబట్టి పేరు తీసేశారు.

ఆ ఇంటి చిరునామా మీద ఇప్పుడు ఓటరు లేడనుకునేరు. ఉన్నాడు. మా బావ, అంటే ఆమె కొడుకు. డల్లాస్‌లో ఉంటాడు. భారత పాస్‌పోర్టు ఇంకా వదల్లేదు. 2010లో చట్టం సవరించి విదేశాల్లో ఉన్న పౌరులకు పాస్‌పోర్టులోని చిరునామా మీద ఓటు హక్కు ఇచ్చారు, ఫారం 6-ఎ నింపితే చాలు. మంచి పని, కాదనను. మహాసముద్రాలు దాటి వెళ్లిన కొడుకు ఆ ఇంట్లో ఉన్నట్టే లెక్క. ముప్పై కిలోమీటర్లు జరిగిన తల్లి లేనట్టు లెక్క. బావకు ఫోను చేసి చెబితే, "ఈ వయసులో అమ్మకు ఓటెందుకురా, ప్రశాంతంగా ఉండనీ" అన్నాడు. అక్కడి ఎన్నికల గురించి మాత్రం ముప్పావుగంట మాట్లాడాడు.

సరే, పేరు పోతే మళ్లీ నమోదు చేయించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మీరు అడగరు, మీరు కాగితం. అయినా చెబుతాను. అందుకోసమే నిన్న మూడోసారి వెళ్లాను. మీ పక్క గడిలో ఉండే బంధువుల్ని అందరినీ కలిశాను. ఫారం 6 అంటే కొత్త ఓటరు, ఫారం 8 అంటే చిరునామా మార్పు. పేరే లేదు కాబట్టి మార్పు కుదరదట. కాబట్టి పదహారు లోక్‌సభలకు ఓటు వేసిన మనిషి కొత్త ఓటరుగా దరఖాస్తు చేసుకోవాలట. కానివ్వండి అన్నాను.

"ఆశ్రమంలో ఉంటున్నట్టు రుజువు?"

"మేనేజరు రాసి ఇచ్చిన ఉత్తరం."

"చెల్లదు. కరెంటు బిల్లు?"

"ట్రస్టు పేరు మీద ఉంటుంది."

"రిజిస్టరైన అద్దె ఒప్పందం?"

మంచానికా? ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, తూర్పున కిటికీ, పడమర మాస్టారు, ఈ హద్దుల మధ్య గల స్థిరాస్తికి స్టాంపు సుంకం ఎంతవుతుందో కనుక్కుని వస్తానన్నాను. ఆయన నవ్వలేదు. ఆధార్‌లో చిరునామా మార్పించుకుని రమ్మన్నాడు. అది రెండో యాత్రలోనే అయింది. యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడలేదు. అరవై ఏళ్లు అంట్లు తోమి, పిండి రుబ్బి, గీతలు అరిగిపోయాయి. కంటిపాప చూద్దామంటే శుక్లాలు. అన్ని ఎన్నికల సిరా పట్టుకున్న వేలిని యంత్రం గుర్తుపట్టలేదు.

నేనేమీ కొత్త చట్టం అడగడం లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం "సాధారణంగా నివసించే చోటు" అంటుంది. కొన్నాళ్లు ఇంటికి దూరంగా ఉన్నంత మాత్రాన నివాసం పోదని కూడా అదే చట్టం అంటుంది. ఆ లెక్కన పాత ఇంట్లో పేరు ఉంచి ఉండాలి. లేదు, మారిపోయిందంటారా, మారిన చోట రాసుకోవాలి. అక్కడ లేదన్నారు, ఇక్కడ లేదంటున్నారు. రెంటికి చెడ్డ రేవడి అని విన్నాను గానీ, ఆ రేవడికి 85 ఏళ్లుంటాయని, వాకరు పట్టుకుని నడుస్తుందని తెలియదు. ఆమె ఉంటున్నది ఎక్కడ? పొద్దున్న పళ్లు తోముకునేది, మధ్యాహ్నం పప్పులో ఉప్పు చాలలేదని వంటమనిషితో పోట్లాడేది, రాత్రి మోకాళ్లకు తైలం రాసుకునేది ఎక్కడ? ఆమె పింఛను పత్రాలు అక్కడికి వస్తాయి, మందుల చీటీ మీద ఆ చిరునామా ఉంది, పోతే అంబులెన్సు అక్కడికే వస్తుంది. మనిషి ఉన్నదని అందరూ నమ్ముతారు, ఓటరుగా మాత్రం ఎవరూ నమ్మరు.

కాలేజీ హాస్టలులో ఉండే కుర్రవాడికి ప్రిన్సిపాలు ఇచ్చే ధ్రువపత్రం చాలునట. ఈ మాట మాస్టారు చెప్పారు. అసలు గూడే లేని మనిషికి కాగితమే అక్కర్లేదని, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసి రాసుకుంటే సరిపోతుందని కూడా ఆయనే చెప్పారు. అత్తయ్య అంతా విని, "అయితే నా పక్క గేటు బయట వేయించరా" అంది. హాస్యానికి అనలేదు.

గుజరాత్ గిర్ అడవిలో బానేజ్ అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం సింహాల మధ్య పోలింగు కేంద్రం పెడతారు. పత్రికలో చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, ఇప్పటికీ పులకరిస్తుంది. కానీ ఇక్కడ ముప్పై ఏడుగురు ఉన్నారు. సింహాలు లేవు. సిటీ బస్సు గేటు ముందే ఆగుతుంది. ఓటు ఉన్నవాళ్లు నలుగురు.

ఈ లెక్క మీ కార్యాలయం కన్నా ముందు పార్టీలకు తెలిసింది. ఒకప్పుడు ఎన్నికలు వస్తే అరటిపళ్లు, రొట్టెలు, శాలువాలు, ఫొటోలు వచ్చేవట. ఇక్కడ ఓట్లు లేవని తెలిశాక అరటిపళ్లు ఆగిపోయాయి. నమ్మదగిన సర్వే కావాలంటే గెలల లెక్క చూసుకోండి.

ఆశ్రమం మేనేజరు మంచివాడే, కానీ "మతిమరుపు వచ్చినవాళ్లకు ఓటేమిటి సార్, ఎవరో ఒకరు నొక్కించుకుంటారు" అన్నాడు. అతని భయంలో కొంత నిజం ఉంది. మాస్టారు మాత్రం మంచం మీద నుంచి లేచి కూర్చుని ప్రిసైడింగ్ అధికారి గొంతుతో చెప్పారు. మతి స్థిమితం లేదని న్యాయస్థానం తేల్చాలి, మేనేజరు కాదు. చూపు లేనివారికో, చేయి లేవనివారికో తోడు వచ్చే మనిషి ఒక రోజున ఒక్కరికి మించి తోడుండకూడదు, తోడు వచ్చినవాడి కుడి చూపుడు వేలికీ సిరా పూయాలి. ఆ తర్వాత ఆయన మాత్రలు వేసుకోవడం మరిచిపోయారు, అది వేరే సంగతి.

ఇప్పుడు నేరుగా మీతో. మీ పేరు చెప్పి "ఇంటి వద్దే ఓటు" అని గోడల మీద రాయిస్తారు. ఎవరి ఇంటి వద్ద? కొడుకు, కోడలు, హాలు, భోజనాల బల్ల ఉన్నవాళ్ల ఇంటి వద్ద. మిమ్మల్ని నింపి ఇవ్వడానికి నోటిఫికేషను తర్వాత అయిదు రోజులే గడువు పెట్టారు. పరుగెత్తడానికి ఇంట్లో ఒక పడుచువాడు ఉండాలి. అంటే ఎవరూ లేనివాళ్ల కోసం పుట్టిన మీరు, అందరూ ఉన్నవాళ్లకే దొరుకుతారు. ఇంట్లో నుంచి పంపేశాక చివరికి మిగిలిన ఆ ఒక్క గుర్తింపును కూడా "నివాసం మారారు" అని రెండు ముక్కలతో కొట్టేస్తారా? సిగ్గు లేదా మీకు? ఆమె నివాసం మారలేదు, ఆమెను మార్చాం. మేము మార్చాం. నేను మార్చాను.

క్షమించండి. మళ్లీ మర్యాదలోకి వస్తాను.

స్వతంత్ర భారతంలో తొలి ఓటరుగా పేరుపడిన శ్యాం శరణ్ నేగీ 2022 నవంబరులో హిమాచల్‌లోని తన ఇంటి నుంచే తపాలా ఓటు వేసి మూడు రోజులకు కన్నుమూశారు. ఆ కథ అత్తయ్యకు చెప్పకుండా ఉండాల్సింది. "అదృష్టవంతుడు" అంది. మిమ్మల్ని మడిచి తలగడ కింద పెట్టుకుంది. కాబట్టి మీ మీద నాకున్న కోపం పూర్తిగా పనికిరాకుండా పోయింది. తలగడ కింద ఉన్నవాళ్లతో ఎంతసేపని పోట్లాడగలను?

నిన్న నాలుగున్నరకు బల్ల దిగుతుంటే గుమాస్తా, "విచారణకు మనిషి వస్తాడు లెండి" అన్నాడు. ఎప్పుడని అడగలేదు. అడిగితే ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటాడేమోనని భయం.

ఇట్లు,
మీ విధేయుడు,
మంచం నంబరు 11 మేనల్లుడు

తా.క.: మాస్టారు గళ్ల నోటుపుస్తకంలో ముప్పై ముగ్గురి పేర్లు, తండ్రి లేదా భర్త పేర్లు, వయసులు, మంచం నంబర్లు రాసి సిద్ధంగా ఉంచారు. ఎర్రసిరాతో గీతలు కూడా కొట్టారు. వచ్చే మనిషి రాత్రిపూట వచ్చినా ఫరవాలేదు. గేటు దగ్గర కుక్క మొరుగుతుంది గానీ కరవదు. వరండాలో కుడివైపు మూడో మంచం. టార్చి అక్కర్లేదు, లేపాల్సిన పని అంతకన్నా లేదు. ఆవిడ మేలుకునే ఉంటుంది.