ఒక్క డీఎన్ఏ టెస్టు చాలు కదా డాక్టర్ బాబూ!

టీవీ సీరియళ్లను సాగదీసి చంపుతున్నారని అంటుంటారు, నిజమే, కానీ ఆ సాగతీతను తిట్టుకుంటూ చూడటంలోనే కదండీ మజా అంతా! స్టార్ మాలో వచ్చిన కార్తీకదీపం సీరియల్‌నే తీసుకోండి, 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. హీరో డాక్టర్ బాబు చూస్తే పెద్ద డాక్టరు, పిల్లలు తన పిల్లలేనా అన్న అనుమానంతో ఏళ్ల తరబడి పెళ్లాన్ని ఏడిపించాడే గానీ, ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించుకుందామన్న ఆలోచన మాత్రం అన్నాళ్లూ ఆయనకు తట్టలేదు. ఐపీఎల్ రోజుల్లో మా ఇంట్లో రిమోట్ కోసం యుద్ధమే, గెలిచేది ఎప్పుడూ ఆ సీరియల్ హీరోయిన్ వంటలక్కే. నన్నడిగితే సీరియల్‌కి అసలు ప్రాణం విలన్ మోనిత. ఆవిడ కుట్ర చేయని రోజు ఎపిసోడ్ ఉప్పు లేని పప్పే. 2024లో మళ్లీ అదే జంటతో రెండో భాగం మొదలెట్టారు. మా అమ్మ ఒట్టేసి మరీ చూడనంది, వారం తిరక్కుండానే పక్కింటి పిన్నికి కథంతా చెప్పేస్తోంది.