కోడికి పెట్టే సోయా మన బర్గర్‌లోకి వస్తే తప్పేంటి?

విశాఖలో బర్గర్ ఇప్పుడు మాల్‌లో ఏసీ కింద కూర్చుని తినే తిండి మాత్రమే కాదు. ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, మధురవాడ, గాజువాక, ఎటు వెళ్లినా సాయంత్రం అయ్యేసరికి ఏదో ఒక బండి మీద పెనం వేడెక్కుతుంది. కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు, షిఫ్ట్ దిగి ఇంటికెళ్లే కార్మికులు అందరూ తింటున్నారు. బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నంత మామూలుగా తింటున్నారు. ఇలాంటప్పుడు బర్గర్ మానేయండి అని డాక్టర్లు చెప్పినా, అమ్మానాన్నలు చెప్పినా వినేవాళ్లు లేరు. కాబట్టి ఆ బన్ను మధ్యలో ఏం పెట్టాలన్నదే మాట్లాడుకోవాలి. నా మటుకు నాకు జవాబు స్పష్టంగానే ఉంది. మూడింట రెండు వంతులు మాంసం, ఒక వంతు నానబెట్టిన మీల్ మేకర్, అంటే సోయా. ఆ సంగతి బోర్డు మీద రాసి మరీ అమ్మాలి.

మాంసం రుచిని పూర్తిగా మొక్కలతో తెప్పిస్తామన్న కంపెనీల కథ ఏమైందో తెలిసిందే. అమెరికా కంపెనీ బియాండ్ మీట్ 2019లో 25 డాలర్లకు షేర్లు అమ్మింది. కొద్ది నెలల్లోనే ధర 200 దాటింది, ఆ తర్వాత పది డాలర్ల లోపుకు పడిపోయింది. మాంసం తినేవాడు నకిలీ మాంసానికి ఒకసారి సరదాగా డబ్బులిస్తాడు గానీ వారం వారం ఇవ్వడు. అందుకే ఇప్పుడు కొందరు తెలివిగా మధ్యేమార్గం పట్టారు. నెదర్లాండ్స్‌లో లిడ్ల్ సూపర్‌మార్కెట్లు 60 శాతం గొడ్డుమాంసం, 40 శాతం బఠానీ ప్రొటీన్ కలిపిన ఖీమాను మామూలు ఖీమా కంటే చౌకగా అమ్మకానికి పెట్టాయి. మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ 2025లో మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ సాయంతో సోయా, బఠానీ ప్రొటీన్‌తో ఒక స్లైస్ తయారుచేయించి, కావాలంటే బర్గర్‌లో అదనంగా పెట్టించుకోవచ్చంది. మంచిదే, కానీ అది పైన వేసే స్లైస్. అసలు మార్పు ప్యాటీలోనే రావాలి.

ఒకసారి లెక్క చూడండి. ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో ప్రొటీన్ దాదాపు 52 గ్రాములు. దానికి రెట్టింపు నీళ్లు పీల్చుకున్నాక వంద గ్రాములకు 17 గ్రాములు ఉంటుంది. ఖీమాలో వందకు 20 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాముల కొవ్వు ఉందనుకుందాం. 70 గ్రాముల ఖీమాలో 30 గ్రాముల నానిన సోయా కలిపితే ప్రొటీన్ 19 గ్రాములు, అంటే తగ్గింది ఒక్క గ్రామే. కొవ్వు మాత్రం పదిన్నరకు దిగుతుంది. మాంసంలో బొత్తిగా లేని పీచు కూడా కాస్త చేరుతుంది. అలాగని మొత్తం సోయానే చేస్తే బీ12 పోతుంది, ఒంటికి తేలిగ్గా పట్టే ఐరన్ పోతుంది. సోయాలో ఉన్న ఐరన్‌ను ఒంటికి పట్టకుండా అందులోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుకుంటాయి. పక్కన మాంసం ఉంటే ఆ ఐరన్ కూడా మెరుగ్గా ఒంటబడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇలాంటి చోట మాంసాన్ని పూర్తిగా తీసేయమనే ఆరోగ్య సలహా నాకు ప్రమాదకరంగా కనిపిస్తుంది. ఉంచి, తగ్గించి, సోయాతో జత చేయమనేదే సరైన సలహా.

రుచి చెడుతుందంటారు. చేయడం రాకపోతే చెడుతుంది, నిజమే. మీల్ మేకర్ గ్రాన్యూల్స్‌ను ఉప్పు వేసిన వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, గట్టిగా పిండి, మళ్లీ మంచినీళ్లు పోసి ఇంకోసారి పిండాలి. ఆ రెండో పిండుడుతోనే పచ్చి వాసన పోతుంది. చాలామంది అక్కడే తొందరపడతారు. తర్వాత ఖీమాలో కలిపి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, నీరు తీసేసిన ఉల్లి తరుగు, ఒక గుడ్డు వేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి పెనం మీద కొద్ది నూనెతో కాలిస్తే సరిపోతుంది. ఉత్త ఖీమా ప్యాటీ కాలేకొద్దీ నీరూ కొవ్వూ వదిలి ముడుచుకుపోతుంది. సోయా ఆ రసాన్ని పట్టి ఉంచుతుంది, అందుకని ప్యాటీ అంతగా కుంచించుకుపోదు, లోపల ఎండిపోదు. మూడో వంతు దాటితే మాత్రం స్పాంజ్‌లా సాగుతుంది. అందుకే వాటా విషయంలో అంత పట్టుబడుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. సోయా అంటే ముఖం చిట్లించే మాంసప్రియులు రోజూ సోయా తింటూనే ఉన్నారు, కోడి ద్వారా. బ్రాయిలర్ మేతలో ప్రధానంగా ఉండేవి మొక్కజొన్న, సోయా చెక్క. సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలే పిండిని మనుషులు తినే గ్రేడులో తయారుచేస్తే మీల్ మేకర్ అవుతుంది, కోళ్లకు పెడితే మేత అవుతుంది. కోడి పెంపకం ఖర్చులో పెద్ద వాటా మేతదే. 2021లో సోయా చెక్క ధర ఆకాశానికంటినప్పుడు కోళ్ల రైతులు గగ్గోలు పెట్టారు. కేంద్రం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర పొలాల్లో సోయా పంట దెబ్బతింటే ఆ సెగ పూర్ణా మార్కెట్ చికెన్ కొట్టు దాకా వస్తుంది. పైగా ఆ మేతలోని ప్రొటీన్ అంతా మనకు తిరిగి రాదు. కోడి బతకడానికి కొంత, ఈకలకు, పేగులకు, ఎముకలకు కొంత పోగా మిగిలిందే మన కంచంలోకి వస్తుంది. అదే సోయాలో కొంత భాగాన్ని నేరుగా ప్యాటీలో వేసుకుంటే అదే మాంసం ఎక్కువ మందికి సరిపోతుంది, అదే డబ్బుకు ఎక్కువ ప్రొటీన్ దొరుకుతుంది. ఇందులో అభ్యంతరం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

కలపడం మనకు కొత్తా అంటే అదీ కాదు. షామీ కబాబ్‌లో శనగపప్పు లేకపోతే అది షామీయే కాదు. హలీంలో గోధుమలు, పప్పులు మాంసంతో పాటు ఉడుకుతాయి. దాల్చాలో పప్పు, సొరకాయ, మటన్ కలిసే ఉంటాయి. మన ఇళ్లలో గోంగూర మాంసం, దోసకాయ మాంసం, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చుకున్న ఎండురొయ్యలతో వంకాయ, ఇవన్నీ కొద్దిపాటి మాంసాన్నో చేపనో ఇంటిల్లిపాదికీ సర్దిన వంటలే. ఆ తెలివి మన అమ్మమ్మలకు ఉంది. బర్గర్ దగ్గరికొచ్చేసరికే ‘ప్యూర్ చికెన్’ అన్న బోర్డు చూసి మురిసిపోతున్నాం.

సోయా తింటే మగవాళ్లకు హార్మోన్లు దెబ్బతింటాయన్న భయం బాగా పాకింది. మగవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన విశ్లేషణల్లో టెస్టోస్టెరాన్ మీద అలాంటి ప్రభావం కనిపించలేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య ఎడం పాటించాలి, సోయా అలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టకూడదు. గుండెకు సోయా మేలన్న ప్రచారానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో అనుమతిచ్చి, ఆధారాలు నిలకడగా లేవని 2017లో వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. కాబట్టి సోయా మందు అని నేను చెప్పను. కొవ్వు తగ్గించి, ప్రొటీన్ నిలిపి, ఖర్చు దించే తిండి అంటాను, అది చాలు.

నాకున్న కోపమల్లా చెప్పకుండా కలిపేవాళ్ల మీదే. మటన్ కిలో వెయ్యి రూపాయల చుట్టూ తిరుగుతుంటే నామమాత్రపు ధరకు ‘మటన్ బర్గర్’ ఎలా ఇస్తారని ఎవరైనా అడగాలి. ప్యాకెట్ మీద అయితే పదార్థాల జాబితా ఉండాలి, సోయా ఉంటే అలర్జీ హెచ్చరికగా ప్రత్యేకంగా చెప్పాలి, ఎంత సోయా కలిపినా మాంసాహార గుర్తు తప్పదు. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటల్ చైన్లు మెనూలో కేలరీలు రాయాలని 2022 నుంచి నిబంధన ఉంది. వీధి బండికి మాత్రం ఏ లెక్కా లేదు. ‘చికెన్ 70, సోయా 30’ అని చాక్‌పీస్‌తో రాసిపెట్టడానికి బండివాడికి పైసా ఖర్చు కాదు. ఆహార భద్రతా అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆ మాటకే కట్టుబడి ఉన్నాడా అని చూడాలి. ఆ పైన పిండే మయోనైజ్ సంగతి కూడా. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది. ప్యాటీలో కొవ్వు తగ్గించి, దాని మీద రెండు చెంచాల నూనె పోసినంత మయోనైజ్ వేస్తే చేసిన పనంతా వృథా.

బర్గర్ గురించి ఇంతసేపు మాట్లాడింది అసలు ఇంకో సంగతి కోసం. 2014లో కేంద్రం జరిపిన ఎస్‌ఆర్ఎస్ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 98 మంది మాంసాహారులమని చెప్పారు. తినేది మాత్రం ఎక్కువ ఇళ్లలో ఆదివారమే. ఆ రోజు కడుపునిండా మాంసం, మిగతా ఆరు రోజులు అన్నం, నీళ్ల చారు, పచ్చడి. అరవై కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక్క ఆదివారంతో ఆ లెక్క తేలదు. ఆ కొద్ది మాంసాన్ని వారం మొత్తానికి పరచాలి. ఇంట్లో ఎవరి వీలు వాళ్లది, కానీ ప్రభుత్వం వండిపెట్టే చోట ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.

సంక్షేమ హాస్టళ్లలో చికెన్ పెట్టే రోజు కోసం పిల్లలు ఎంత ఎదురుచూస్తారో, ఆ రోజు గరిటెలో రెండు ముక్కలు పడతాయా మూడు పడతాయా అని ఎలా చూస్తారో అక్కడ చదివిన ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ముక్కల్ని తగ్గించమని నేను అనను. ఆ రోజుని అలాగే ఉంచి, వారం మధ్యలో ఇంకో రోజు చికెన్ ఖీమా, మీల్ మేకర్ కలిపిన కూర పెట్టమంటాను. అమెరికాలో 1971లోనే బడి పిల్లల భోజనంలో మాంసంతో పాటు 30 శాతం దాకా సోయా ప్రొటీన్ కలపడానికి అనుమతిచ్చారు. మనం బడుల్లో గుడ్డు పెడుతున్నాం, అది గొప్ప పని, హాస్టల్ వంటగదిలో దాని తర్వాతి మెట్టు ఇదే. విశాఖ జిల్లాలో పది హాస్టళ్లు ఎంచుకుని ఒక టర్మ్ పాటు పెట్టి చూడండి. పిల్లలు కంచంలో ఎంత వదిలేస్తున్నారో తూకం వేయండి, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, ఆ అంకెలు జనం ముందు పెట్టండి.