ఛాతీలో జెర్మ్ సెల్ గడ్డ: ఆ వాట్సాప్ సలహా నమ్మకండి

“ఛాతీలో గడ్డకు సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది. నేరుగా ఆపరేషన్ చేయించండి. కీమో ఇప్పించినా రక్తపరీక్ష నార్మల్ వస్తే చాలు, ఇక కోత అక్కర్లేదు.” వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సలహాలో వరసంతా తలకిందులు. జెర్మ్ సెల్ గడ్డ అంటే వీర్యకణాలు, అండాలు తయారుచేసే మూలకణాల నుంచి పుట్టే గడ్డ; అది ఒక్కోసారి ఛాతీలోనూ పుడుతుంది.

సూది మాట. చిన్నగా, తన పొరలోనే ఉన్న థైమోమా (ఛాతీలోని థైమస్ గ్రంథి గడ్డ) అనిపిస్తే బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) లేకుండా తీసేస్తారు, నిజమే. దాన్ని అన్ని గడ్డలకూ అంటగట్టకూడదు. గుండెకు ముందువైపు పెద్ద గడ్డ ఉన్న కుర్రవాడికి పూర్తి మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెడితే శ్వాసనాళం నొక్కుకుపోవచ్చు. అందుకే సీటీలో చూస్తూ, లోకల్ మత్తుతో కోర్ బయాప్సీ (లావు సూదితో చిన్న ముక్క) తీస్తారు.

దానికన్నా ముందు మార్కర్ల (ఈ గడ్డలు రక్తంలో పెంచే పదార్థాల) పరీక్షలైన ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చేయించాలి; గడ్డ అక్కడ పుట్టి పాకిందేమో చూడటానికి వృషణాలకు అల్ట్రాసౌండ్ కూడా. ఈ గడ్డల్లో రెండు రకాలు: సెమినోమా, మిగతావన్నీ నాన్-సెమినోమా. సెమినోమా ఏఎఫ్‌పీని తయారు చేయదు. కాబట్టి ఏఎఫ్‌పీ బాగా పెరిగి ఉంటే, బయాప్సీ రిపోర్టులో ‘సెమినోమా’ అని రాసినా నాన్-సెమినోమాగానే వైద్యం చేయాలి. రోగి పరిస్థితి విషమిస్తుంటే ఆ రిపోర్టు కోసం ఆగకుండా కీమో మొదలుపెట్టవచ్చు.

ముందే ఆపరేషనా? వద్దు. ఈ గడ్డ పెద్ద సిరలకూ గుండె పొరకూ అతుక్కుని ఉంటుంది. పూర్తిగా రాదు, పైగా కోత మానేదాకా కీమో ఆగిపోతుంది. 1997 అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఇక్కడ పుట్టిన నాన్-సెమినోమా మొదటి రోజు నుంచే ‘పూర్ రిస్క్’, అంటే కోలుకునే అవకాశం తక్కువున్న వర్గం. కోత మానేదాకా ఆగే వ్యవధి లేదు. మామూలుగా వీఐపీ (మూడు కీమో మందుల కలయిక) నాలుగు సైకిళ్లు (విడతలు) ఇస్తారు. చదరపు మీటరు శరీర వైశాల్యానికి రోజుకు ఎటోపోసైడ్ 75 మి.గ్రా., ఐఫోస్ఫమైడ్ 1.2 గ్రాములు, సిస్‌ప్లాటిన్ 20 మి.గ్రా., వరసగా ఐదు రోజులు, 21 రోజులకోసారి. మూత్రాశయం దెబ్బతినకుండా మెస్నా అనే రక్షణ మందు, కిడ్నీల కోసం ధారాళంగా సెలైన్ తప్పవు. బ్లియోమైసిన్ ఉన్న మరో కలయిక బీఈపీ కూడా పనిచేస్తుంది, కానీ అది ఊపిరితిత్తులను పాడుచేయవచ్చు. తర్వాత ఛాతీ తెరవాల్సినవాళ్లకు అది మంచిది కాదు. నీరసంగా ఉన్నాడని సైకిల్ వాయిదా వేయించకండి. మొదటి డోసుకు ముందే వీర్యం భద్రపరచమని అడగండి, ఆ మాట చాలాచోట్ల మరచిపోతారు.

ఆ సలహాలో చివరిది, రక్తపరీక్ష నార్మలైతే కోత వద్దన్నది, అన్నిటికన్నా ప్రమాదం. మార్కర్లు నార్మల్ అయినా సీటీలో గడ్డ మిగిలితే నాన్-సెమినోమాలో తీసేయాల్సిందే, సాధారణంగా కీమో అయిన 4–6 వారాలకు. అందులో టెరటోమా (పలురకాల కణజాలాలున్న గడ్డ) ఉండవచ్చు. అది కీమోకు లొంగదు, మార్కర్లనూ పెంచదు. ఒక్కోసారి మార్కర్లు పడిపోతుండగానే గడ్డ పెరుగుతుంది. అప్పుడు మందు పనిచేయలేదనుకుని కీమో మార్చడం కాదు, సర్జన్‌ని పిలవాలి. తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణాలు కనిపిస్తే సాధారణంగా మరో రెండు సైకిళ్లు ఇస్తారు. చచ్చిన కణజాలమే ఉంటే పరీక్షలతో కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది.