మీటరుతో కొలవకుండా బోరు మోటారును పైకి లాగకండి

స్విచ్చి వేస్తే బోరు మోటారు తిరగలేదు. చిన్న శబ్దమైనా రాలేదు. మెకానిక్‌ను పిలిస్తే వచ్చారు, స్టార్టరు బటన్ రెండుసార్లు నొక్కి చూశారు, తల అడ్డంగా ఊపారు. "మోటారు కాలిపోయింది, పైకి తీయాలి" అన్నారు. స్టార్టరు పెట్టె మూత తెరవలేదు. సంచిలో ఉన్న మీటరును బయటికి తీయనేలేదు. నలుగురు మనుషులు పూటంతా కష్టపడి, రెండు వందల అడుగుల లోతు నుంచి ఒక్కొక్క పైపూ విప్పుతూ మోటారును పైకి తెచ్చారు. తీరా వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్టలు, కొలిస్తే నిక్షేపంగా ఉంది.

అసలు లోపం స్టార్టరు పెట్టెలో దొరికింది. టెర్మినల్ దగ్గర ఒక స్క్రూ వదులై, తీగ వేడెక్కి, పై తొడుగు నల్లగా మాడి పెంకులా గట్టిపడింది. వేలు తగిలించగానే పొడిపొడిగా రాలింది. కథ అక్కడితో ముగియలేదు. మోటారును లాగేటప్పుడు కేబుల్ కేసింగ్ (బోరు గోడకు దించిన పైపు) అంచుకు ఒరుసుకుని ఒకచోట చర్మం లేచినట్టు గీరుకుపోయింది. దాన్ని ఎవరూ గమనించలేదు. మళ్లీ దించిన నెల లోపే ఆ గాటులోంచి నీరు చేరి, ఎర్త్ అయి, అంటే కరెంటు నేలలోకి కారిపోయి, ఈసారి నిజంగానే మోటారును పైకి తీయాల్సి వచ్చింది. లేని జబ్బుకు చేసిన వైద్యమే జబ్బును తెచ్చింది. అందుకే నాకు ఇంత కోపం.

ఒక్కసారి ఆలోచించండి. మోటారు భూమి లోపల చల్లని నీటిలో మునిగి ఉంటుంది. ఎండ తగలదు, దుమ్ము పట్టదు. పైన ఉండే స్టార్టరు, ఫ్యూజులు, మోటారు లేవడానికి ఊతమిచ్చే కెపాసిటర్, జాయింట్లు మాత్రం ఎండకు ఎండుతూ, తేమకు తుప్పుపడుతూ, చీమలకూ బల్లులకూ గూడు అవుతూ ఉంటాయి. ముందుగా దేన్ని అనుమానించాలి? కంటికి కనిపించేదాన్ని, చేతికి అందేదాన్ని చూడాలి. కానీ కనిపించనిదాని మీద నింద వేయడం తేలిక కాబట్టి ప్రతిసారీ "మోటారు పోయింది" అనే మాటే వినిపిస్తుంది.

మొట్టమొదట కరెంటు సంగతి చూడాలి. టెస్టరు వెలిగింది కాబట్టి కరెంటు ఉందని తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. టెస్టరు లోపలి నియాన్ దీపానికి అతి స్వల్పమైన కరెంటు చాలు. ఒక ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగల్లో ఒకటి, పోయినా, మోటారు వైండింగ్ గుండా తిరిగి వచ్చే కరెంటుతో అది ఆ తీగ మీద కూడా వెలగగలదు. మూడు ఫేజుల మోటారైతే ఏ రెండింటి మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో మూడుసార్లూ విడివిడిగా కొలవాలి. ఒక ఫేజు పోయినా, ఫేజుల వరుస మారినా, రక్షణ రిలే ఉన్న స్టార్టరు అసలు ఆన్ కాదు. అది తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే లెక్క. పాపం, దాన్ని కూడా చెడిపోయిందని పీకి పారేస్తారు.

మామూలుగా కొలిస్తే సరిపోదు, మోటారు లేవబోయే క్షణంలో కూడా వోల్టేజీ చూడాలి. 230 వోల్టుల మోటారుకు ఆ క్షణంలో 184 వోల్టులే అందాయనుకోండి, అంటే 80 శాతం. తిరిగే బలం మాత్రం 64 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. సన్నని కేబుల్‌ను లోతైన బోరులోకి దించినచోట ఈ బాధ ఎక్కువ. మోటారు మూలుగుతుంది, లేవలేదు. తప్పు తీగ మందంలో ఉంటే శిక్ష మోటారుకు పడుతుంది.

సింగిల్ ఫేజు మోటారు మూలిగి, కాసేపటికి ట్రిప్ అవుతుంటే నేను ముందు కెపాసిటర్‌నే అనుమానిస్తాను. కొన్నిసార్లు పైకప్పు ఉబ్బి, పక్కన నూనె చెమ్మ కనిపిస్తుంది. చూడటానికి కొత్తదానిలా ఉన్నది కూడా లోపల శక్తి కోల్పోయి ఉండవచ్చు. అందుకే మైక్రోఫారడ్లు చూపే మీటరుతో కొలిచి, దాని మీద ముద్రించిన అంకెతో పోల్చాలి. కరెంటు తీసేశాక కూడా దానిలో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. రెసిస్టరు ద్వారానో బల్బు ద్వారానో దాన్ని ఖాళీ చేశాకే చేయి పెట్టాలి. చాలామంది స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి నిప్పురవ్వలు రేపుతారు. దయచేసి ఆ పని చేయకండి.

స్టార్టరులో కరెంటును కలిపే కాంటాక్టర్ పళ్ల మధ్య ఎండిపోయిన బల్లి ఇరుక్కుని ఉండటం నేను కళ్లారా చూశాను. ఒకవైపు పళ్లు కలవక ఒక ఫేజు అందడం లేదు. మెయిన్ ఆపి, బల్లిని తీసి, పళ్లు శుభ్రం చేస్తే మోటారు తిరిగింది. ట్యాంకులో ఫ్లోటు స్విచ్చి ఇరుక్కున్నా, బోరులో నీరు తగ్గిందని డ్రై రన్ రక్షణ ఆపినా మోటారు మౌనంగానే ఉంటుంది. వాటిని చూడటానికి ఎంతసేపు పడుతుంది?

కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయితే చల్లబడనిచ్చి ఒకసారి రీసెట్ చేయండి. మళ్లీ ట్రిప్ అయితే అక్కడితో ఆగిపోండి. లేవలేని మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. నొక్కిన ప్రతిసారీ ఆ వేడి వైండింగ్ మీద పడుతుంది. కాంటాక్టర్‌కు పుల్ల అడ్డం పెట్టి బలవంతంగా నడిపించడం చూశాను. అప్పటిదాకా బాగున్న మోటారును మన చేతులతో మనమే కాల్చుకోవడం అది. మనుషుల ప్రాణాలకు కూడా ముప్పు.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు లోపలి సంగతి. అప్పుడు కూడా మోటారును కదల్చనక్కరలేదు. మెయిన్ ఆపి, కేబుల్ తీగలను స్టార్టరు నుంచి విప్పి, రెండేసి తీగల మధ్య నిరోధాన్ని (ఓములు) పైనుంచే కొలవవచ్చు. మూడు ఫేజుల మోటారులో మూడు కొలతలూ ఇంచుమించు సమానంగా రావాలి. మూడు తీగల సింగిల్ ఫేజు మోటారులో పెద్ద కొలత మిగతా రెండింటి మొత్తానికి సరిపోవాలి. 3 ఓములు, 7 ఓములు వస్తే మూడోది 10 దగ్గర ఉండాలి. తర్వాత తీగ తొడుగు గట్టిదనాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గరుతో తీగకూ ఎర్త్‌కూ మధ్య చూడాలి. 2 మెగా ఓములు దాటితే సాధారణంగా భయం లేదు. అర మెగా ఓము కంటే దిగిపోతే కేబుల్‌లోనో మోటారులోనో లోపం ఉందని అనుమానించాలి.

వైండింగ్ బాగుండి, వోల్టేజీ బాగుండి, కెపాసిటర్ కూడా సరిగా ఉండి, ఇంకా మూలుగుతూనే ఉంటే పంపులో ఇసుక పట్టి ఉండవచ్చు. మూడు ఫేజుల మోటారుకైతే రెండు తీగలు మార్చి ఒక్క క్షణం వెనక్కి తిప్పితే కొన్నిసార్లు వదులుతుంది. వదలకపోతే పైకి తీయండి. అలా తీసినప్పుడు మోటారు దగ్గరి జాయింటును ముందు కోసి, కేబుల్‌ను వేరుగా, మోటారును వేరుగా కొలవండి. జాయింటులో నీరు చేరిన పాపానికి మోటారును రీవైండింగ్‌కు పంపించిన సందర్భాలున్నాయి.

విద్యుత్ పని తెలియనివాళ్లు పెట్టె తెరవమని నేను చెప్పడం లేదు. వచ్చిన మెకానిక్‌ను కొలత ఎంత వచ్చిందని అడగండి. "కాలిపోయింది" అంటే, ఎన్ని ఓములు చూపిందో చెప్పమనండి. కొలిచిన మనిషి సంతోషంగా చెబుతారు. కొలవకపోతే అప్పుడైనా మీటరు బయటికి తీస్తారు. నిజాయితీగా పనిచేసే మెకానిక్‌కు ఈ ప్రశ్న అవమానం కాదు.

మోటారును రెండోసారి దించిన రోజునే నేను స్టార్టరు మూత లోపలివైపు కాగితం అంటించాను. వైండింగ్ ఓములు, మెగ్గరు కొలత, నడుస్తున్నప్పటి ఆంపియర్లు, కెపాసిటర్ విలువ, తేదీ, అన్నీ రాసిపెట్టాను. ఆ తర్వాత ఒకసారి మోటారు మూలిగి ఆగిపోయింది. వచ్చిన కుర్రాడు మూత తీసి, కాగితం చదివి, కెపాసిటర్ కొలిచాడు. 50 ఉండాల్సిన చోట 31 చూపించింది. అదే విలువది కొత్తది బిగించి స్విచ్చి వేశాడు. కేసింగ్ లోపల నుంచి నీరు ఎక్కి వస్తున్న చప్పుడు వినిపించింది.